టస్కీగీ లైబ్రేరియనమ్మా, మా మావయ్యా

మా మావయ్యకి రెండు కళ్ళూ పోయి మూడేళ్ళవుతోంది. నీటికాసులు. చూపు తగ్గుతున్నట్టు అనిపించినా శుక్లమేలే, ముదిరాక తీయించుకుందాం అనుకుని ఊరుకున్నాడు. శుక్లమైతే ఆపరేషను చేస్తే చూపు తిరిగొచ్చేది. నీటికాసుల్లో పోయిన చూపు పోయినట్టే, మిగిలింది కాపాడుకోవడమే. ఈ తేడా మా ఇంట్లో ఎవరికీ తెలీదు. తెలిసేసరికి ఆలస్యమైపోయింది. (మీ ఇంట్లో నలభై దాటినవాళ్ళుంటే ఓసారి కంట్లో ఒత్తిడి పరీక్ష చేయించండి. ఈ టపా ఇక్కడే ఆపేసి ఆ పని మీద వెళ్ళినా నాకు సంతోషమే.)

మావయ్య తెనాలిలో ఆర్టీసీ డిపోలో గుమాస్తాగా చేసి రిటైరయ్యాడు. పెద్ద చదువులేమీ లేవు గానీ చదివే పిచ్చి మాత్రం బాగా ఉండేది. పొద్దున్నే రెండు పేపర్లు, సంపాదకీయం దగ్గర్నించి శ్రద్ధాంజలి ప్రకటనల దాకా. మధ్యాహ్నం అద్దె పుస్తకాల షాపు నుంచి తెచ్చిన నవలలు. కొమ్మూరి సాంబశివరావు, మధుబాబు ఆయనకి కంఠతా. నాకు తెలుగు చదవడం మీద ఇష్టం పుట్టిందే ఆయన మంచం కింద దొరికిన పాకెట్ నవలల వల్ల. అలాంటి మనిషి చూపు పోయాక వరండాలో కుర్చీ వేసుకుని కూర్చోవడం తప్ప ఇంకేమీ చెయ్యడం మానేశాడు. పేపరు వేయించుకోవడం కూడా ఆపించేశాడు. "వేసినా ఎవరు చూస్తార్రా" అనేవాడు.

నేను సాఫ్టువేరు ఇంజనీర్ని కదా, ఊరుకుంటానా? మంచి ఫోనొకటి కొన్నా. తెర మీదున్నది చదివి వినిపించే సదుపాయం ఆన్ చేశా, తెలుగు గొంతు పెట్టా. భాగవతం ప్రవచనాలు, మహాత్ముల జీవిత చరిత్రలు, మనోధైర్యం పెంచే పుస్తకాలు, అంతా కలిపి మూడొందల గంటల ఆడియో నింపా. రెండ్రోజులు సెలవు పెట్టి ఆయనకి ట్రైనింగిచ్చి హైదరాబాదు తిరిగొచ్చా. లంచి దగ్గర నలుగురికీ చెప్పుకుని మురిసిపోయా కూడా.

మూడు నెలల తర్వాత వెళ్ళి ఆ ఫోను తెరిచి చూస్తే ఒక్క పుస్తకం కూడా అయిదు నిమిషాలు దాటి విన్న జాడ లేదు. భాగవతం నాలుగో నిమిషం దగ్గర ఆగిపోయుంది. అది కూడా ట్రైనింగులో నేను పెట్టి చూపించిందే!

నిజం చెప్పొద్దూ, నాకు కోపమొచ్చింది. మాబోటివాళ్ళకి ఒక జబ్బుంది. మనం చేసింది యూజరు వాడకపోతే తప్పు యూజరుదే. "మావయ్యకి బాగుపడాలని లేదు" అని అత్తయ్యతో అన్నాను. అత్తయ్య బియ్యం ఏరుకుంటూ తలెత్తకుండానే, "ఏం వింటారో ఆయన్నడిగావేంట్రా?" అంది.

అడగలేదు. ఆ ప్రశ్న నాకు తట్టనే లేదు.

హైదరాబాదు వచ్చాక, చూపు పోయినవాళ్ళకి చదువు దగ్గర చెయ్యడానికి లోకంలో ఇంతకుముందు ఎవరేం చేశారో వెతుక్కుంటూ కొన్నాళ్ళు కూర్చున్నాను. యాప్‌ల గురించి తెలుసుకుందామని మొదలెట్టి, చివరికి వందేళ్ళ కిందటి ఒక లైబ్రేరియనమ్మ దగ్గర తేలాను. ఈ టపా ఆవిడ గురించే. కాకపోతే ఆవిడ దగ్గరికి వెళ్ళేలోపు లండన్ మీదుగా వెళ్ళాలి.

ఆర్థర్ పియర్సన్ అని ఒక పత్రికాధిపతి. 1900లో లండన్‌లో డైలీ ఎక్స్‌ప్రెస్ మొదలుపెట్టింది ఈయనే. తర్వాత ఈయనకి కూడా, మా మావయ్యకి లాగే, నీటికాసులతో చూపు పోయింది. పేపరు అచ్చేసి అమ్మే మనిషికి పేపరు చదివే కళ్ళు లేకుండా పోయాయి. ఇంతలో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. ఫ్రాన్సు కందకాల్లో పేలుళ్ళకీ విషవాయువుకీ కళ్ళు పోగొట్టుకున్న కుర్రాళ్ళు ఇంగ్లండు ఆసుపత్రులకి రావడం మొదలైంది. వాళ్ళ కోసం పియర్సన్ 1915లో సెయింట్ డన్‌స్టన్స్ అని ఒక శిక్షణ కేంద్రం పెట్టాడు.

అక్కడ వాళ్ళు చేసిన పనుల్లో నాకు బాగా నచ్చింది ఒకటుంది. కళ్ళు పోయిన సైనికుడు ఇంకా ఆసుపత్రి మంచం మీద ఉండగానే అతని చేతికి ఒక బ్రెయిలీ వాచీ ఇచ్చేవారు. పైన అద్దం మూత తెరిచి ముళ్ళు తడిమి టైము తెలుసుకోవచ్చు. అది ఆషామాషీ బహుమతి కాదు. చూపు పోయిన మనిషి రాత్రి మెలకువొస్తే టైమెంతయిందో తెలియాలన్నా పక్కవాళ్ళని లేపాలి. ఆ ఒక్క పని ఎవరినీ అడక్కుండా చేసుకోగలగడం అతనికి మొదటి మెట్టు. బ్రెయిలీ అక్షరాలు ఆ తర్వాత. అవి నేర్పడానికి కూడా వీలైనంతవరకూ చూపులేనివాళ్ళనే పెట్టారు. నేర్పే ఆయన కూడా తనలాంటివాడే అని తెలిస్తే కుర్రాడికి "ఇది అయ్యే పనే" అనిపిస్తుంది కదా.

ఇది ఇలా ఉండగా, 1916లో అమెరికాలో శామ్యూల్ క్రోదర్స్ అనే ఒక చర్చి బోధకుడు అట్లాంటిక్ మంత్లీ పత్రికలో ఒక సరదా వ్యాసం రాశాడు. పుస్తకాలతో జబ్బులు నయం చేసే ఒక ఉత్తుత్తి క్లినిక్కు గురించి. ఆ వైద్యానికి ఆయన పెట్టిన పేరు బిబ్లియోథెరపీ. మనం పుస్తక వైద్యం అనుకోవచ్చు. వేళాకోళంగా పుట్టిన మాట అది! కానీ మరుసటేడు అమెరికా యుద్ధంలో దిగింది. అమెరికా లైబ్రరీ సంఘం సైనిక శిబిరాల్లో, ఆసుపత్రుల్లో లైబ్రరీలు పెట్టింది. మంచాల మధ్య పుస్తకాల బండి తోసుకుంటూ తిరిగే ఉద్యోగం ఒకటి పుట్టింది. ఆ ఉద్యోగంలో చేరిన వాళ్ళలో కొందరు క్రోదర్స్ వేళాకోళాన్ని నిజం చేశారు. అందులో ముందు వరసలో ఉండే పేరు సేడీ పీటర్సన్ డిలేనీ.

ఇప్పుడు టస్కీగీ వెళ్దాం.

అమెరికా దక్షిణాదిలో అలబామా రాష్ట్రంలో ఉంది ఈ ఊరు. బుకర్ టి వాషింగ్టన్ నల్లజాతివారి కోసం 1881లో మొదలుపెట్టిన విద్యాసంస్థ ఉన్నది ఇక్కడే. మొదటి ప్రపంచ యుద్ధంలో దేశం కోసం పోరాడి వచ్చిన నల్లజాతి సైనికులకి దక్షిణాది ఆసుపత్రుల్లో సరైన చోటు దొరికేది కాదు. వాళ్ళ కోసమే ప్రభుత్వం ఇక్కడ ఒక ఆసుపత్రి కట్టి 1923లో తెరిచింది. రోగులు నల్లవారైతే కానీ, ఆసుపత్రిని నడిపేది మాత్రం తెల్లవారే కావాలని అక్కడి తెల్లవారి పట్టు. నల్లజాతి డాక్టర్లని వేస్తారని తెలిసి 1923 జులై 3న కూ క్లక్స్ క్లాన్ ముఠా వందల సంఖ్యలో ఊరి మీదుగా ఊరేగింపు తీసింది. అయినా వాళ్ళ ఆటలు సాగలేదు. 1924లో ఆసుపత్రి పగ్గాలు డాక్టర్ జోసెఫ్ వార్డ్ అనే నల్లజాతి వైద్యుడి చేతికొచ్చాయి.

ఆ 1924 జనవరిలోనే, క్లాన్ ఊరేగింపు జరిగి సరిగ్గా ఆర్నెల్లకి, సేడీ పీటర్సన్ న్యూయార్కు వదిలి ఆ ఊళ్ళో దిగింది. (డిలేనీ అనేది 1928లో రెండో పెళ్ళి తర్వాత వచ్చిన పేరు.) పుట్టింది 1889లో, న్యూయార్కు రాష్ట్రంలోని రోచెస్టర్‌లో. అంతకుముందు హార్లెంలో 135వ వీధి లైబ్రరీలో పనిచేసేది. హార్లెం అప్పుడు నల్లజాతి రచయితలతో, కవులతో కళకళలాడుతున్న రోజులు. ఆ లైబ్రరీలో ఉండగానే చూపులేని పాఠకుల కోసమని బ్రెయిలీ, మూన్ లిపి రెండూ నేర్చుకుంది.

మూన్ లిపి గురించి ఒక్క మాట. 1845లో ఇంగ్లండులో బ్రైటన్‌కి చెందిన విలియం మూన్ తయారుచేసిన ఉబ్బెత్తు అక్షరాలివి. ఆయనకీ చూపు లేదు. ఇందులో అక్షరాలు మామూలు ఇంగ్లీషు అక్షరాలకి దగ్గరగా, పెద్దగా ఉంటాయి. పెద్దయ్యాక చూపు పోయినవాళ్ళకి బ్రెయిలీ చుక్కలు వేలికి సరిగా అందవు, ఓపికా తక్కువ. వాళ్ళకి మూన్ సులువు. ఎవరికేది నప్పుతుందో తెలియాలంటే తనకి రెండూ వచ్చుండాలి అనుకుంది ఆవిడ. నాకు ఈవిడ మీద గౌరవం మొదలైంది ఇక్కడే.

టస్కీగీ ఆసుపత్రిలో ఆవిడకి అప్పగించిన లైబ్రరీలో ఒక బల్ల, 200 పుస్తకాలు ఉన్నాయి. ఏడాది తిరిగేసరికి అవి 4 వేలయ్యాయి. పుస్తకాల సంఖ్య కన్నా ఆవిడ పనిచేసిన పద్ధతి ముఖ్యం.

మొదటిది, మంచం దగ్గరికి వెళ్ళి మనిషితో మాట్లాడేది. ఏ ఊరు, యుద్ధానికి ముందు ఏం చేసేవాడు, దేని మీద మోజు, ఇవన్నీ తెలుసుకునేది. డాక్టర్లతో కూర్చుని అతని జబ్బేమిటో, మనసు ఏ స్థితిలో ఉందో కనుక్కునేది. అప్పుడు ఎంచేది పుస్తకం. 1938లో ఆవిడ రాసిన ఒక వ్యాసంలో బిబ్లియోథెరపీకి ఇచ్చిన నిర్వచనం సారాంశం ఇదీ: ఎంపిక చేసిన చదువు ద్వారా రోగికి చేసే చికిత్స. ఇందులో నా కన్ను ఆగింది "ఎంపిక" అన్న మాట మీద. మూడొందల గంటలు కుమ్మరించడం ఎంపిక కాదు కదా!

రెండోది, చదవలేని కారణం ఏదైతే దానికి తగ్గ దారి వెతికేది. చేతులతో పుస్తకం పట్టుకోలేని వాళ్ళకి పేజీల్ని ప్రొజెక్టరుతో గోడ మీద, పైకప్పు మీద పడేట్టు చేసేది. పడుకున్నవాడు పడుకున్నట్టే చదువుకోవచ్చు. చూపు లేనివాళ్ళకి తనే బ్రెయిలీ నేర్పేది. 1930లలో వాళ్ళకోసం ప్రత్యేకంగా ఒక విభాగమే పెట్టింది.

మూడోది, చదివినదాన్ని ఊరికే వదిలేసేది కాదు. పుస్తకాల మీద మాటామంతీ, చర్చలు, సాహిత్య సంఘం, తపాలా బిళ్ళలు సేకరించేవాళ్ళ క్లబ్బు.. ఇలా ఒక్కో పుస్తకం చుట్టూ నలుగురు మనుషులు చేరేట్టు చూసేది. మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నవాడు ఏదో ఒక విషయం మీద పక్కమంచం వాడితో వాదనకి దిగితే ఆవిడ పని సగం అయినట్టే.

నాలుగోది, నల్లజాతి చరిత్ర, నల్లజాతి రచయితల పుస్తకాలు పట్టుబట్టి తెప్పించేది. దేశం కోసం చావుదాకా వెళ్ళొచ్చి, అదే దేశంలో రెండో తరగతి మనిషిగా బతుకుతున్నవాడికి తనలాంటి మనిషి కథ చదవడం ఎంత అవసరమో ఆవిడకి తెలుసు. ఆ ఊరి పేరు వింటే చాలామందికి గుర్తొచ్చేది వేరే సంగతి. 1932 నుంచి 1972 దాకా అమెరికా ప్రభుత్వ ఆరోగ్యశాఖ అక్కడి నల్లజాతి మగవాళ్ళ మీద, వాళ్ళకున్న సిఫిలిస్ గురించి నిజం చెప్పకుండా, వైద్యం అందనివ్వకుండా జరిపిన దుర్మార్గపు పరిశోధన. అదే ఊళ్ళో, అవే రోజుల్లో, ఒక లైబ్రేరియను ఒక్కో మనిషినీ పేరుపేరునా పలకరించి "నీకేం కావాలి" అని అడుగుతూ ఉంది. మనిషిని కేసుగా చూడటానికీ మనిషిగా చూడటానికీ ఉన్న తేడా ఇంతకన్నా బాగా చెప్పలేను.

34 ఏళ్ళు అదే పని చేసి 1958లో టస్కీగీలోనే కన్నుమూసింది. 1950లో అట్లాంటా యూనివర్సిటీ గౌరవ డాక్టరేటు ఇచ్చింది. మన దగ్గర ఆవిడ పేరు తెలిసినవాళ్ళు ఎంతమంది? నాకైతే మావయ్య ఫోను మూగబోయేదాకా తెలీదు.

ఇప్పుడు కాస్త యంత్రాల గురించి. మా కులవృత్తి కాబట్టి ఈ భాగం లేకపోతే నాకు నిద్ర పట్టదు!

మన చిన్నప్పుడు ఇళ్ళల్లో తిరిగిన ఎల్పీ రికార్డులు గుర్తున్నాయా? నిమిషానికి 33 చుట్లూ, ఇంకో చుట్టులో మూడోవంతూ. కొలంబియా కంపెనీ సంగీతం కోసం వాటిని మార్కెట్లోకి తెచ్చింది 1948లో. కానీ అదే వేగంతో తిరిగే రికార్డుల మీద అమెరికాలో చూపులేనివాళ్ళు 1934 నుంచే పుస్తకాలు వింటున్నారు. పేరు టాకింగ్ బుక్. మామూలు రికార్డు మీద నాలుగైదు నిమిషాలు పట్టే రోజుల్లో వీటి మీద ఒక్కో వైపు పావుగంట. అయినా ఒక నవల వినాలంటే పెద్ద దొంతరే కావాలి. అంధుల కోసం పుట్టిన సదుపాయం పద్నాలుగేళ్ళ తర్వాత అందరి ఇళ్ళకీ వచ్చిందన్నమాట. "కొద్దిమంది కోసం ఇంత కష్టపడాలా" అని మీటింగుల్లో అడిగేవాళ్ళకి చెప్పడానికి ఇది దాచుకోండి.

దీనికి మొదట్లో అడ్డుచెప్పింది ఎవరో తెలిస్తే ఆశ్చర్యపోతారు. హెలెన్ కెల్లర్! 1933లో ఈ యంత్రాలకి చందాలు పోగుచెయ్యమని అడిగితే, కోటిమందికి పనుల్లేని ఈ రోజుల్లో ఇది విలాసం, నేను అడగలేను అని చెప్పేసింది. ఆవిడ వేళ్ళకి బ్రెయిలీ చిన్నప్పట్నించీ అలవాటు. వినే పుస్తకం ఆవిడకి ఎలాగూ పనికిరాదు. కానీ అమెరికాలో చూపులేని పెద్దవాళ్ళలో చాలామందికి చూపు నడివయసులోనో, ముసలితనంలోనో పోయింది, వాళ్ళకి బ్రెయిలీ రాదు. తర్వాత కెల్లర్ మనసు మార్చుకుని ఆ పనికి గట్టిగా మద్దతిచ్చింది. 1935లో రూజ్వెల్టు ప్రభుత్వం నిరుద్యోగులకి పని కల్పించే పథకం కిందే ఈ యంత్రాలు తయారుచేయించింది. పనిలేనివాళ్ళకి పనీ దొరికింది, చూపులేనివాళ్ళకి పుస్తకమూ దొరికింది.

బ్రిటన్‌లో టాకింగ్ బుక్స్ 1935 నవంబరులో మొదలయ్యాయి. దాని వెనక ఉన్నది ఇయాన్ ఫ్రేజర్. 1916లో సోమ్ యుద్ధంలో కళ్ళు పోయి, సెయింట్ డన్‌స్టన్స్‌లో శిక్షణ పొంది, 1921లో పియర్సన్ పోయాక ఆ సంస్థకే అధిపతి అయినవాడు. అక్కడ మొట్టమొదట పంపిన పుస్తకాల్లో ఒకటి ఏమిటో తెలుసా? అగాథా క్రిస్టీ రాసిన రోజర్ ఏక్రాయిడ్ హత్య కథ. డిటెక్టివు నవల!

అది చదవగానే నేను కుర్చీలో వెనక్కి వాలి నవ్వుకున్నాను. తర్వాత సిగ్గేసింది. జీవితమంతా డిటెక్టివు నవలలు చదివిన మనిషికి, కళ్ళు పోగానే భాగవతమే కావాలని నేనెలా అనుకున్నాను? చూపుతో పాటు ఆయన అభిరుచి కూడా పోయిందనుకున్నానా? కష్టంలో ఉన్నవాడికి మంచిమాటలే చెప్పాలని మనకో నమ్మకం. ఫ్రేజరుకి అలాంటి భ్రమ లేదు, ఎందుకంటే తనే ఆ కుర్చీలో కూర్చున్నాడు.

ఈ లండన్ కథకి మనతో చుట్టరికం ఉంది. సెయింట్ డన్‌స్టన్స్‌లో శిక్షణ పొందినవాళ్ళలో క్లూతా మెకంజీ అనే న్యూజీలాండు సైనికుడొకడు. 1915లో గాలిపోలి యుద్ధంలో కళ్ళు పోయాయి. రెండో ప్రపంచ యుద్ధంలో చూపు పోగొట్టుకున్న భారతీయ సైనికుల కోసం 1943లో డెహ్రాడూన్‌లో సెయింట్ డన్‌స్టన్స్ పేరుతోనే ఒక వసతిగృహం పెట్టినప్పుడు దాన్ని నడిపింది ఈయనే. స్వాతంత్ర్యం వచ్చాక 1950లో దాన్ని మన ప్రభుత్వం తీసుకుంది. అదే పెరిగి పెరిగి నేటి జాతీయ దృష్టిలోప సంస్థ అయింది.

అప్పటికి మన భాషలకి రకరకాల బ్రెయిలీ లిపులుండేవి. ఒక రాష్ట్రంలో నేర్చుకున్నది పక్క రాష్ట్రంలో పనికొచ్చేది కాదు. 1951లో అన్ని భారతీయ భాషలకీ కలిపి భారతి బ్రెయిలీ వచ్చింది. ఇందులో తెలుగు "క"కి ఒకటి, మూడు చుక్కలు. హిందీ "క"కీ అవే. ఇంగ్లీషు "కె"కీ అవే. లిపి ఏదైనా ధ్వని ఒకటైతే చుక్కలూ ఒకటే. కంప్యూటర్లో మన లిపులకి అచ్చం ఇలాగే ఒకే కోడు ఇద్దామన్న ఆలోచన ఇస్కీ ప్రమాణంగా 1991లో వచ్చింది. మేం గొప్పగా కనిపెట్టామనుకున్నది నలభై ఏళ్ళ ముందే వేలికొసల మీద ఉంది!

ఇక చట్టాల సంగతి. అచ్చు పుస్తకాన్ని చూపులేనివాళ్ళు చదవగలిగే రూపంలోకి మార్చడానికి కాపీరైటు అడ్డు రాకూడదని మన దేశం 2012లో చట్టం సవరించింది. దేశాల మధ్య కూడా ఈ పుస్తకాలు ఇచ్చిపుచ్చుకోవడానికి 2013లో మర్రాకేష్ ఒప్పందం కుదిరితే, దాన్ని 2014లో అందరికన్నా ముందు ఆమోదించింది మనమే. ఇలాంటి విషయాల్లో మనం మొదట ఉండటం అరుదు కాబట్టి చెప్పుకోవాలి. కానీ చట్టం తలుపు తెరుస్తుంది, లోపల పుస్తకం పెట్టాల్సింది మనుషులు. పాత తెలుగు పుస్తకాలు నెట్లో స్కాన్లుగా బోలెడున్నాయి. అవి మనకి పుస్తకాలు, తెర చదివే సాఫ్టువేరుకి మాత్రం ఉత్త బొమ్మలు. పేజీ ముందుకొస్తే అందులో ఒక్క అక్షరం కూడా దానికి కనపడదు. బొమ్మలోంచి తెలుగు అక్షరాలు ఏరే సాఫ్టువేరు ఈమధ్య చాలా మెరుగైంది గానీ, చిరిగిన పాత అచ్చు, చెరిగిన ఒత్తుల దగ్గర ఇంకా తడబడుతుంది.

సరే, మావయ్య దగ్గరికొద్దాం.

సంక్రాంతికి తెనాలి వెళ్ళినప్పుడు ఫోను ఊసెత్తలేదు. వరండాలో ఆయన పక్కన కూర్చుని ఒకటే అడిగాను. "మావయ్యా, కళ్ళు కనపడుతున్నప్పుడు ఏ పుస్తకం సగంలో ఆపేశావు?"

చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా, "ఒకటుందిరా. పాతదే, చిన్నప్పుడు చదివిందే. మళ్ళీ చదువుదామని మొదలెట్టా. అక్షరాలు అలుక్కుపోతుంటే ఇక లాభం లేదని పక్కన పడేశా. హంతకుడెవరో ఎంత ఆలోచించినా గుర్తు రావట్లేదు" అన్నాడు.

అటక మీద రేకుపెట్టెలో దొరికింది. అట్ట లేదు, మొదటి రెండు పేజీలూ లేవు. పుస్తకం పేరేమిటో నాకు ఇప్పటికీ తెలీదు. డెబ్భయ్యో పేజీ దగ్గర కొస మడిచి ఉంది.

అక్కణ్ణించి చదవమంటావా అంటే, "ఛ, మొదట్నించీ చదువు" అన్నాడు. పండగ మూడు రోజుల్లో సగం అయింది. మిగతాది హైదరాబాదు నుంచి రోజూ రాత్రి ఎనిమిదిన్నరకి ఫోన్లో చదివేవాణ్ణి. అరగంట. వింటూ ఊరుకునేవాడు కాదు. "ఆగాగు, ఇందాక ఆ డ్రైవరు తొమ్మిదింటికి వచ్చానన్నాడు కదా, మరి గేటు ఎవరు తీశారు?" అని నిలదీసేవాడు. నేను ఒత్తులు మింగితే సరిదిద్దేవాడు. అటు అత్తయ్య నవ్వు వినపడేది.

ఒకరోజు ఆఫీసులో రిలీజు గొడవ. ఎనిమిదిన్నర సంగతి మర్చేపోయా. తొమ్మిదింపావుకి ఫోను మోగింది. మావయ్య. "ఏరా, ఆ డ్రైవరు సంగతేం చేశావు?"

అత్తయ్య కలిపి ఇచ్చిందేమో అనుకున్నా. కాదట. వరండాలో కూర్చుని, తెర తడుముకుంటూ, అది చెప్పే పేర్లు ఒక్కొక్కటే వింటూ, నా పేరొచ్చాక రెండుసార్లు కొట్టాడట. చూపు పోయాక ఆయన తనంతట తాను ఎవరికైనా ఫోను చెయ్యడం అదే మొదలు. నేను రెండ్రోజులు సెలవు పెట్టి నేర్పలేనిది ఆ డ్రైవరు నేర్పాడు! ఫోను బయటికి పట్టుకెళ్ళి రిలీజు రూము మెట్ల మీద కూర్చుని నాలుగు పేజీలు చదివాను. వాటిలో ఒకటి సరిగా చదవలేకపోయాను, గొంతు సహకరించలేదు.

ఇదయ్యాక ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద పాత నవలలు ఏరుకురావడం నా డ్యూటీ అయింది. ఇప్పుడు డిపో స్నేహితులు ఇద్దరు కూడా ఎనిమిదిన్నరకి వస్తున్నారు. స్పీకరు పెట్టుకుని వింటారు, హంతకుడెవరో పందేలు కాస్తారు. డిలేనీ చూస్తే క్లబ్బుల జాబితాలో రాసుకునేదేమో.

ఇంతా చెప్పి రెండు హెచ్చరికలు చెయ్యకపోతే తప్పవుతుంది.

ఒకటి, ఇది కళ్ళకి వైద్యం కాదు. పోయిన చూపు రాదు. మావయ్య ఇప్పటికీ కొన్ని రోజులు అస్సలు మాట్లాడడు, ఆ రోజు నవల కూడా వద్దంటాడు. చేతికర్రతో నడక నేర్పేవాళ్ళు, కంటి డాక్టరు, దిగులు మరీ ముదిరితే మనసు డాక్టరు, వీళ్ళెవరి పనీ పుస్తకం చెయ్యదు. డిలేనీ కూడా డాక్టర్ల పక్కన నిలబడి పనిచేసింది గానీ డాక్టర్లకి బదులుగా కాదు.

రెండు, చూపులేనివాళ్ళు చదివే ప్రతి పుస్తకాన్నీ మనం థెరపీ అనకూడదు. పుట్టుకతో చూపులేని అమ్మాయి బ్రెయిలీలో పరీక్షకి చదువుకుంటుంటే అది వైద్యం కాదు, చదువు. ఆమె హక్కు. మనం నవల చదివితే కాలక్షేపం, వాళ్ళు చదివితే చికిత్సా? పెద్దయ్యాక హఠాత్తుగా చూపు పోయి, దానితో పాటు తన అలవాట్లన్నీ పోయాయనుకుని కుంగిపోయిన మనిషికి మాత్రం, ఒక మనిషి ఎంచి, పక్కన కూర్చుని చదివించే పుస్తకం నిజంగా మందులా పనిచేస్తుంది. నేను చూశాను కాబట్టి చెప్తున్నా.

వాచీ, ఉబ్బెత్తు అక్షరం, పావుగంట రికార్డు, ఫోను.. యంత్రం అన్ని కాలాల్లోనూ అవసరమే. అవి లేకపోతే నేను హైదరాబాదు నుంచి తెనాలికి చదివేవాణ్ణే కాదు. కానీ నేను యంత్రం ఇచ్చి పని అయిపోయిందనుకున్నాను. 200 పుస్తకాలు, ఒక బల్లతో మొదలుపెట్టిన ఆవిడకి తెలిసిన సంగతి, జేబులో లక్ష పుస్తకాలు పట్టే కాలంలో నేను అత్తయ్య చేత చెప్పించుకోవాల్సొచ్చింది. ముందు అడగాలి.

మీ ఇంట్లో, మీ వీధిలో చదవడం మానేసిన పెద్దవాళ్ళు ఉంటే ఈసారి వెళ్ళినప్పుడు, ఏ పుస్తకం సగంలో ఆపేశారో అడిగి చూడండి.

ఎనిమిదీ ఇరవై అయింది. ఇక ఉంటాను. డ్రైవరు నిర్దోషి అని ఎప్పుడో తేలిపోయింది, ఈ వారం కొత్త నవల. వంటమనిషి మీద మావయ్యకి అనుమానం. నాకు మాత్రం డాక్టరు మీద.